సమస్యాపూరణం: “ఎడము పెరిగినంత నెలమి పెరిగె”

గుణుపురం (పృచ్ఛకుడు): ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఎలమి అంటే సంతోషం. విషయం, ‘ఆర్’ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో గీసే గ్రాఫు.

మా వంశధార పక్క ఊళ్ళ ధాన్యం బస్తాల లెక్కకు నిన్న గ్రాఫు గీశాను. నిలువు అక్షం అంకెలు అడ్డంగా కనబడాలని, అంకెలు ఎటు తిరగాలో చెప్పే లాస్ (las) విలువ 1 పెట్టాను. ఆరంకెల సంఖ్యలు కదా, ఎడమకు సాగి ‘బస్తాలు’ అన్న అక్షం పేరును తాకాయి. పేరు నిలువుగా తిరిగి ఉంటుంది, దాని అడుగు అంకెల వైపే. ‘స్తా’ కింది త ఒత్తు నేరుగా సున్నాలో దిగింది. తెలుగులో పేరు రాస్తే ఎడం ఇంకాస్త ఎక్కువే కావాలి.

బరంపురం తమ్ముడు:

అంకె మీద పేరు అతికి కూర్చుండగా
చదువ రాక కనులు చాల నలిసె
మూడు నాలుగాయె ముచ్చటగా నుండ
ఎడము పెరిగినంత నెలమి పెరిగె

అక్షం పేరూ అంకెలూ ఎన్ని వరుసల ఎడంలో ఉండాలో చెప్పేది ఎంజీపీ (mgp). దానికి మామూలు విలువలు 3, 1, 0. మొదటిది పేరుకు, రెండోది అంకెలకు, మూడోది గీతకు. ఆ 3ని 4 చేశాను.

పర్లాకిమిడి మాస్టారు: మూడో పాదం హాయిగా నడిచింది నాయనా. మొదటి పాదంలో ‘పేరు అతికి’ విసంధి. సంధి చేస్తే ‘పేరతికి’ అయి గణం చెడుతుంది. ‘నామ మతికి’ అను, గణమూ యతీ రెండూ నిలుస్తాయి.

రాయగడ అన్నయ్య: తమ్ముడూ, పద్యం నిలబడింది కానీ బొమ్మ నిలబడదు. బొమ్మ చుట్టూ అంచుల వెడల్పు చెప్పే మార్ (mar) లో ఎడమ అంచు మామూలుగా 4.1 వరుసలే. నాలుగో వరుసలో మొదలయ్యే పేరుకు చోటెక్కడిది? తెగిపోతుంది. కింది అంచు 5.1 కాబట్టి అడ్డ అక్షానికైతే సరిపోయేది. నా పూరణ:

పేరు జరిపినపుడు పేజిని దాటెను
సగము తెగిన మాట జాలి గొలిపె
అంచు పెంచినాడ నైదుకు పైమాట
ఎడము పెరిగినంత నెలమి పెరిగె

నేను 5.5 పెట్టాను.

బరంపురం తమ్ముడు: నిజమే అన్నయ్యా, నాకూ ‘బస్తాలు’ సగమే వచ్చింది. అయితే ‘పేజి’ అన్యదేశ్యం, పద్యంలో పడుతుందా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు: గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ ‘పేజి’ని కాదనలేను. జనం నోట ఉన్న మాటే అది. యతి పే-పే, పొరపాటు లేదు. ‘సగము తెగిన మాట’ నాకు బాగా నచ్చింది. అందులో గ్రాఫూ ఉంది, మనిషీ ఉన్నాడు.

జయపురం అక్క: నేను జీజీప్లాట్ (ggplot2) మనిషిని, ఆర్‌లోనే గ్రాఫులు గీసే మరో పద్ధతి అది. అందులో పేరు అంకెల మీద ఎక్కదు కానీ మరీ ఒరుసుకుని ఉంటుంది.

నిలువు గీత పేరు నెట్టితి నెడమకు
కుడిని పదిగ నుంచి కొలత పెట్టి
అంకె లొక్క చోట నక్షర మొక చోట
ఎడము పెరిగినంత నెలమి పెరిగె

పర్లాకిమిడి మాస్టారు: అమ్మా, ‘ఉంచి’, ‘పెట్టి’ ఒకటే అర్థం, పునరుక్తి. ‘పదిగ నెంచి’ అంటే తీరిపోతుంది. మూడో పాదం మాత్రం సమస్యను తనలో కలిపేసుకుంది. నా మటుకు ఈ పూటకు ఇదే మొదటి పూరణ.

బరంపురం తమ్ముడు: ఎడమకు నెట్టడానికి కుడి ఎందుకక్కా?

జయపురం అక్క: నేను కుడిన పది పెట్టింది మార్జిన్ (margin) లో. జీజీప్లాట్‌లో అది పేరుకు చుట్టూ ఉండే ఖాళీ రా. పేరు అంకెలకు ఎడమన నిలబడి ఉంది, కాబట్టి అంకెల వైపు ఉన్నది దాని కుడి. ఎడమన పెంచితే కాగితం అంచు వైపు ఖాళీ వస్తుంది, అంకెలతో ఒరుపు అలాగే ఉంటుంది. అడ్డ అక్షం పేరుకైతే పైన పెంచాలి. వరుస కూడా చూసుకో: మార్జిన్‌లో పైన, కుడి, కింద, ఎడమ. అన్నయ్య చెప్పిన మార్‌లో కింద, ఎడమ, పైన, కుడి. రెండూ గడియారం ముల్లులాగే తిరుగుతాయి, మొదలే వేరు. నేను ఇక్కడే రెండు రోజులు తికమకపడ్డాను.

గుణుపురం (పృచ్ఛకుడు): అక్కా, మీ లెక్కన జీజీప్లాట్‌లో కుడిన పది పాయింట్లు పెట్టి మళ్ళీ గీశాను. త ఒత్తు సున్నాను వదిలింది. మధ్యలో తెల్ల కాగితం కనిపిస్తోంది.