ఆల్కహాల్ మార్కర్లకి ఏ పేపర్? బ్రౌన్‌లు కలిపితే చారలు మిగులుతున్నాయి

గంటస్తంభం_విజయనగరం:
బొబ్బిలి వీణ బొమ్మ వేస్తున్నాను. చేతిలో ఉన్నది 48 రంగుల ఆల్కహాల్ మార్కర్ల సెట్. మామూలు డ్రాయింగ్ షీట్ మీద రంగు గీత దాటి పాకుతోంది, వెనక్కీ దిగుతోంది. పనస చెక్క కుండ (వీణకి ఉండే బోలు భాగం) గుండ్రంగా కనపడాలని మూడు బ్రౌన్‌లు వేస్తే మధ్యలో చారలు. షాపులో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) వాటర్‌కలర్ పేపర్ తీసుకోమంటున్నారు. కొనొచ్చా?

నాగావళి_ఒడ్డు:
వద్దండి. చూడాల్సింది మందం కాదు, నునుపు. వాటర్‌కలర్ పేపర్ గరుకు. ఇంకు గటగటా తాగేస్తుంది, మెత్తటి నిబ్ పోగులు లేచిపోతాయి. మార్కర్ ప్యాడ్ పల్చనే, 70 జీఎస్ఎం అటూ ఇటూ, కానీ ఇంకు వెనక్కి దిగకుండా పూత ఉంటుంది. రంగు నిగనిగలాడుతుంది గానీ పొరలు ఎక్కువైతే ఇంకు పైనే మడుగు కడుతుంది. వీణకి పొరలు కావాలి కాబట్టి నా ఓటు స్మూత్ బ్రిస్టల్‌కే (నున్నటి గట్టి డ్రాయింగ్ షీటు), 200 నుంచి 250 జీఎస్ఎం. వెనక కాస్త మరక పడుతుంది, ఆ వైపు వదిలెయ్యండి, కింద పనికిరాని షీటొకటి పెట్టుకోండి.
ప్యాడ్ కొనేముందు విడి షీటు దొరికితే నిబ్ ఆనించి అయిదు సెకన్లు ఉంచండి. చుక్క అంచు గుండ్రంగా నిలిస్తే సరే, వెంట్రుకల్లా పాకితే అక్కడే వదిలెయ్యండి.

దండి_మెట్లు:
చారలెందుకంటే, మొదటి రంగు ఆరాక రెండోది పడుతోంది. ముందు ఫ్యాన్ ఆపండి. కుండనంతా ఒక్కసారి మొదలెట్టకండి. చెక్క చార ఎటు పోతే అటు చిన్న భాగాలుగా తీసుకోండి. లేతది మొత్తం పరచండి. తడి ఉండగానే మధ్యస్థం నీడ వైపు, ముదురు అంచున మాత్రమే. వెంటనే వెనక్కి రండి: ముదురు కలిసే చోట మధ్యస్థంతో, అది కలిసే చోట లేతదానితో. చాలామంది ఈ వెనక్కి రావడమే మానేస్తారు.
రంగులు ఒకే కుటుంబంవి కావాలి. కాపిక్ కంపెనీ మార్కర్లయితే ఇ33, ఇ35, ఇ37 సరిపోతాయి; చివరి అంకె పెరిగేకొద్దీ ముదురు. మిగతా సెట్లలో అంకెల్ని నమ్మకండి, మూత రంగుని అసలే నమ్మకండి. అదే పేపర్ మీద చార్టు గీసుకోండి. కలర్‌లెస్ బ్లెండర్ (రంగు లేని మార్కర్) రంగుల్ని కలపదు, పక్కకి తోస్తుంది. కుండ మీద మెరుపు తేల్చడానికి దాచుకోండి.

గంటస్తంభం_విజయనగరం:
ఔట్‌లైన్ జిరాక్స్ తీయించి దాని మీద వెయ్యొచ్చా అండి?

నాగావళి_ఒడ్డు:
జిరాక్స్, లేజర్ ప్రింట్ రెండూ ఫర్వాలేదు, కానీ ముందు ఓ మూల వేసి చూడండి. టోనర్‌ని (జిరాక్స్ నల్లపొడి) ఆల్కహాల్ ఇంకు మామూలుగా కదపదు; ఎక్కడైనా కదిలితే మాత్రం లేత రంగు మసిబారుతుంది, నిబ్ కూడా నల్లబడుతుంది. చేత్తో గీసేటట్టయితే పెన్సిల్‌తో లేతగా గీసి, పిగ్మెంట్ ఫైన్‌లైనర్‌తో (సన్నటి మొన పెన్ను) దిద్ది, బాగా ఆరాక పెన్సిల్ చెరిపేసి అప్పుడు రంగు. తంతులు మాత్రం చివర్న తెల్ల జెల్ పెన్‌తో. ముందే గీస్తే మార్కర్ కింద చెదిరిపోతాయి.

దండి_మెట్లు:
ఇంకోటి, ఫ్రేమ్ కట్టి ఎండ పడే గోడకి పెట్టకండి. ఇవి డై ఇంకులు, వెలిసిపోతాయి. ముందే స్కాన్ తీసుకోండి.