మేం భగీరథ నీళ్లు తాగుతున్నాం, బర్రెలకు ఏ నీళ్లు పెట్టాలి?

నమస్తే అన్నా, అక్కా. మాది దేవరకొండ వైపు గుట్టల కింద ఊరు. మా నాయనమ్మ ఫ్లోరైడ్ నీళ్లతో నడుం వంగిపోయి చివరి పదేళ్లు మంచంలోనే ఉంది. ఇప్పుడు ఇంట్లో తాగేది మిషన్ భగీరథ నల్లా నీళ్లే, అంటే సర్కారు పైపుల్లో ఇచ్చే శుద్ధి చేసిన నీళ్లు. పశువులు మాత్రం ఇంకా బోరు నీళ్లే తాగుతున్నాయి.

ఆరేళ్ల బర్రె రెండు నెలలుగా కుంటుతోంది. గిట్టల్లో పుండు లేదు, ముల్లు లేదు. నోరు తెరిచి చూస్తే పళ్ల మీద గోధుమ రంగు చారలు, బాగా అరిగిపోయి ఉన్నాయి. మేత నమలలేక సగం వదిలేస్తోంది. నాకు నాయనమ్మ పళ్లే గుర్తొచ్చాయి. బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వచ్చింది. మనుషులకైతే 1.5 దాటొద్దు.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదని తెలుసు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి బిందెకు సరే, ఐదు బర్రెలకు రోజుకు రెండు మూడు వందల లీటర్లు కావాలి. పశువుల తొట్టికి ఎవరైనా అలా చేశారా? పటిక ఎంత వేశారు? లేక వాన నీళ్లు పట్టి తాపడమే మేలా? ఈ బోరుతో పెంచిన గడ్డి కూడా ఆపాలా?

ఇంట్లో దూడ ఉంది. దానికి పాలపళ్లు ఊడి కొత్తవి రాకముందే ఏదో ఒకటి చేయాలి, అదే టెన్షన్.