పలెర్మోలోని మార్తొరానా చర్చి దగ్గర నుంచి చూసినవాళ్ళు ఉన్నారా?

నమస్తే అండి, వచ్చే నెల అమ్మతో సిసిలీ వెళ్తున్నాను, పలెర్మోలో మాకు దొరికేది ఒక్క పూటే. ఆ పూటంతా మార్తొరానాకే ఇవ్వాలని నా ఆశ. సిసిలీని ఏలిన రెండో రోజర్ రాజు దగ్గర నౌకాదళాధిపతిగా ఉన్న జార్జ్ ఆఫ్ ఆంటియోక్ 1140ల్లో కట్టించిన చర్చి ఇది. లోపల బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) శైలి మొజాయిక్‌లు, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన చిత్రాలు, వాటి పక్కనే తర్వాతి కాలపు ఆడంబరమైన బరోక్ అలంకారం, అసలు ఆప్స్‌ను (బలిపీఠం వెనక ఉండే అర్ధవృత్తాకారపు భాగాన్ని) 17వ శతాబ్దంలో కూల్చేశారని చదివినప్పుడు చాలా బాధేసింది.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం రోజర్‌కు క్రీస్తే స్వయంగా కిరీటం పెడుతున్న మొజాయిక్. రాజు బైజాంటిన్ చక్రవర్తి వేషంలో ఉంటాడు, పైన రాసిన పేరేమో గ్రీకు లిపిలో, కానీ అందులో 'రెక్స్' (రాజు) అనేది లాటిన్ మాట! పైగా గుమ్మటం అడుగున చెక్క దూలం మీద క్రైస్తవ ప్రార్థన అరబిక్‌లో ఉంది. ఒకే గూటి కింద మూడు భాషలు, ఎంత అందమైన విషయం కదా.

ఇక నా సందేహాలు. ఆ అరబిక్ అక్షరాలు కింద నుంచి కంటికి ఆనుతాయా, బైనాక్యులర్స్ తెచ్చుకోవాలా? బంగారు మొజాయిక్ మెరుపు వెలుతురు పడే కోణాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఉదయం వెళ్ళడం మంచిదా, మధ్యాహ్నమా? అమ్మకు మోకాళ్ళ నొప్పి, లోపల కాసేపు కూర్చోవచ్చా? అదే పూటలో రాజభవనంలోని పాలటైన్ చాపెల్ కూడా చూడాలంటే హడావుడి అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.