ఎదురుగా మనిషి కుప్పకూలితే 108 వచ్చేలోపు ఏం చేయాలి?

బ్రాడీపేట_సెక్రటరీ:
మా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ గది పక్కన ఒక కాగితం అంటిద్దామనుకుంటున్నాం. ఐదంతస్తులు, ఇరుకు లిఫ్టు, సగం మంది అరవై దాటినవాళ్లు. ఎవరైనా ఉన్నట్టుండి పడిపోతే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు? పని తెలిసినవాళ్లు చెప్పండి.

ఎమర్జెన్సీ_సిస్టర్:
గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కాదండీ. కాగితంలో ముందు అది తేల్చండి. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది, అయినా మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు. గుండె ఆగితే మాత్రం సెకన్లలో స్పృహ పోతుంది. 4 నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మొదటిది ఏ క్షణంలోనైనా రెండోదిగా మారొచ్చు.

పడిన మనిషి భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఛాతీ మామూలుగా ఎగసి పడుతోందో లేదో చూడండి, 10 సెకన్లు మించకుండా. నాడి కోసం వెతకొద్దు. అలవాటు లేని వేళ్లకు దొరకదు, ఒక్కోసారి మన నాడే మనకు తగులుతుంది.

ఎక్కువమంది పొరబడేది ఎగశ్వాస దగ్గర. నోరు తెరుచుకుని, గురకలాంటి చప్పుడుతో, ఆగి ఆగి ఒక్కో శ్వాస వస్తుంది. "ఊపిరి ఉందిలే" అని చుట్టూ నిలబడిపోతారు. అది ఊపిరి కింద లెక్క కాదు. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఈఎంటీ_బెజవాడ:
సిస్టర్ గారు చెప్పినదానికి ఇంకొకటి. పడగానే కొన్ని సెకన్లు కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలగుత్తి పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, నోట్లో నీళ్లు పోస్తారు. మెదడుకు రక్తం అందక వచ్చే కదలిక అది. ఆగిన వెంటనే ఊపిరి చూడండి. స్పృహ లేని మనిషి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

108కి చేసి ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కనే ఉంచండి. "బ్రాడీపేటలో ఆలయం పక్కన" అంటే చాలదు, లైను, అడ్డరోడ్డు నంబర్లు రెండూ చెప్పాలి: 4/14 అన్నట్టు. విజయవాడ వన్‌టౌన్ సందుల్లోనైతే బండి ఎక్కడిదాకా రాగలదో చెప్పి, అక్కడ ఒకరిని నిలబెట్టండి.

సీపీఆర్_ట్రైనర్:
మంచం మీద చేయొద్దు. పరుపు కిందికి దిగుతుంది, గుండె నలగదు. నేల మీదికి దించి వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్య ఎముక కింది సగంలో అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం) పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేయండి. మోచేతులు వంగకూడదు, భుజాలు చేతులకు సరిగ్గా పైన ఉండాలి. నొక్కేది ఒంటి బరువుతో, చేతుల బలంతో కాదు. లోతు 5 సెం.మీ.కి తగ్గొద్దు, 6 దాటొద్దు. వేగం నిమిషానికి 100–120. స్టాప్‌వాచ్ పెట్టి దిండు మీద సాధన చేయండి: 30 నొక్కులకు 15 నుంచి 18 సెకన్లు పట్టాలి.

అలసట రాగానే చాలామంది చేతులు ఛాతీ మీదే ఆనించేస్తారు. ప్రతి నొక్కుకీ ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి మళ్లీ రక్తం నిండుతుంది. అందుకే 2 నిమిషాలకొకసారి మనిషి మారాలి, మారే విరామం 10 సెకన్లలోపే ఉండాలి. పక్కటెముక విరిగిన చప్పుడు రావచ్చు, అప్పుడూ ఆపొద్దు. ఎముక అతుకుతుంది.

ఆడవాళ్లకు చేయడానికి జంకి నిలబడిపోవడం చాలా బాధాకరమైన తప్పు. మంగళసూత్రం, గొలుసులు భుజం పక్కకు తోసి మొదలుపెట్టండి.

నోటితో ఊపిరి ఇవ్వడం రాకపోతే పెద్దవాళ్లకు ఒట్టి నొక్కులు చాలు. పిల్లలకు, కృష్ణలో మునిగి పైకి తీసినవాళ్లకు మాత్రం ఊపిరి ముఖ్యం: ముందు ఊపిరిచ్చి, తర్వాత 30 నొక్కులకు 2 ఊపిరులు. కరెంటు షాకైతే ముందు మెయిన్ ఆపేయండి, ఆ తర్వాతే ముట్టుకోండి.

అరండల్‌పేట_ఫార్మసిస్ట్:
స్పృహలో ఉండి ఛాతీ నొప్పి అంటున్నవాళ్ల సంగతి. "గ్యాసేలే" అని గోలీసోడా తాగించి అరగంట పోగొడతారు. ఛాతీ మధ్య బరువు, దవడకో చేతికో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే గ్యాస్ కాదనే అనుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసమే కనిపించవచ్చు.

ఆస్ప్రిన్ 300–325 మి.గ్రా. నమిలి మింగించండి, 150వి రెండైనా సరే. పైపూత ఉన్న బిళ్ల అలాగే మింగితే పనిచేయడం ఆలస్యమవుతుంది. ఆస్ప్రిన్ పడనివాళ్లకు, కడుపులో రక్తస్రావం ఉన్నవాళ్లకు వద్దు. మూతి వంకరపోతే, ఒక పక్క చెయ్యి పడిపోతే అది పక్షవాతం కావచ్చు, అప్పుడూ వద్దు.

సార్బిట్రేట్ (నాలుక కింద పెట్టే గుండెనొప్పి మాత్ర) డాక్టర్ ముందే రాసిచ్చినవాళ్లకే. బీపీ పడిపోయి ఉన్నవాళ్లకు పెడితే ఇంకా పడిపోతుంది. వయాగ్రాలాంటి మాత్ర వేసుకున్నవాళ్లకైతే మరీ ప్రమాదం.

దగ్గుతూ ఉంటే గుండె ఆగదని వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి.

బ్రాడీపేట_సెక్రటరీ:
నాలుగో అంతస్తులో పడితే కిందికి దించాలా? ఏఈడీ, అదే ఆగిన గుండెకు షాక్ ఇచ్చే పెట్టె, కొంటే ఎక్కడ పెట్టాలి?

ఈఎంటీ_బెజవాడ:
దించొద్దండీ. మెట్ల మీద మోస్తూ నొక్కడం కుదరదు. పడిన చోటే చేస్తూ ఉండండి. ఒకరు లిఫ్టును గ్రౌండ్ ఫ్లోర్‌లో పట్టుకోవాలి, ఒకరు గేటు తీసి అడ్డంగా ఉన్న బండ్లు జరపాలి. గుండెపోటు మనిషి స్పృహలో ఉన్నా మెట్లు దింపకండి, బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్లకండి. కూర్చోబెట్టి 108 కోసం చూడండి.

సీపీఆర్_ట్రైనర్:
ఏఈడీ వాచ్‌మన్ గది బయట గోడకు. స్విచ్ వేస్తే ఏం చేయాలో అదే చెబుతుంది. షాక్ ఇచ్చే ప్యాడ్లు రెండుంటాయి, ఒంటికి అంటించాలి: ఒక ప్యాడ్ కుడి కాలరెముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కగా. మన ఎండల్లో ఒళ్లంతా చెమటే, తుడవకపోతే ప్యాడ్ అంటుకోదు. పెట్టెలోనే తువ్వాలు, షేవింగ్ రేజరు, కత్తెర ఉంచండి. "ముట్టుకోవద్దు" అన్నప్పుడు అందరూ చేతులు తీయాలి. షాక్ అవగానే మళ్లీ నొక్కడమే. ప్యాడ్లకు, బ్యాటరీకి గడువు తేదీ ఉంటుంది, కాగితం మీద అది కూడా రాయండి. పెట్టెకు మాత్రం తాళం వేయకండి.