నొప్పులు వచ్చేసరికి వాగు పొంగితే? సంచిలో ఏమేం ఉంచాలి?

ప్రశ్న (కొండ ఊరి ఆడపడుచు):
మాది పాడేరు ఏజెన్సీలో కొండమీది ఊరు. వదినకు ఎనిమిదో నెల. వానలు పడితే డోలీ కట్టాల్సిందే, 108 రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. పోయినేడు పక్కింటావిడకు దారిలోనే కాన్పయింది. బొడ్డు కోయడానికి ఏమీ లేక ఒకాయన నడుముకున్న కత్తి తీశాడు. అది గుర్తొస్తేనే టెన్షన్. ఏమేం సర్ది ఉంచాలి?

జవాబు (రిటైరైన ఏఎన్ఎం):
అమ్మా, సంచి సంగతి తర్వాత. తేదీకి పదిహేను రోజుల ముందే వదినను కిందికి దించండి. గర్భిణుల వసతి గృహం దగ్గర్లో ఎక్కడుందో మీ ఆశాను అడగండి. సంచి దారిలో కాన్పయితేనే.

కొత్త సబ్బు, శుభ్రమైన ప్లాస్టిక్ షీటు, గ్లోవ్స్, బొడ్డు కట్టడానికి దారాలు, ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి చీర ముక్కలు నాలుగైదు, టార్చి. కవరు చింపని బ్లేడు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంట్లో పిల్లలు పెన్సిల్ చెక్కుకునే బ్లేడుతోనే బొడ్డు కోశారు. ఎనిమిదో రోజుకి బిడ్డ పాలు పట్టలేదు, దవడ బిగుసుకుపోయింది. ధనుర్వాతం. ఆ తల్లి చనుబాలు పిండి బిడ్డ పెదవులకు రాస్తూ కూర్చుంది. వాడు దక్కలేదు. వదినకు ధనుర్వాతం రాకుండా వేసే టీడీ సూదులు పడ్డాయో లేదో కార్డులో చూడండి.

బిడ్డ పుట్టగానే తుడిచి తల్లి గుండెల మీద వేసి కప్పండి. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక రెండు చోట్ల గట్టిగా కట్టి మధ్యలో కోయండి. బొడ్డు మీద బూడిద, పసుపు, నూనె ఏవీ వద్దు. మాయ దానంతటదే పడాలి, లాగకండి.

జవాబు (మందుల షాపు నడిపే అబ్బాయి):
ఇలాంటి సంచినే చెన్నైలో జుబైదా బాయి ‘జన్మ’ పేరుతో తయారుచేయించారు. రక్తస్రావం తగ్గించే మిసోప్రోస్టాల్ మాత్ర గురించి కూడా చాలామంది అడుగుతారు. కర్ణాటకలో బెళగావి పల్లెల్లో 1,620 మంది తల్లులతో చేసిన పరీక్షలో కాన్పు తర్వాతి అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4కి తగ్గిందని 2006లో వచ్చింది. కానీ బిడ్డ కడుపులో ఉండగా వేస్తే ప్రాణం మీదికొస్తుంది. షాపులో కొని దాచుకోకండి, ఏఎన్ఎం చేతి మీదుగానే వేయించండి.

అడిగినావిడ:
సబ్బు, బ్లేడు, షీటు తెచ్చాను. దారం మామూలుదే, పర్లేదా?

ఏఎన్ఎం:
పర్లేదు. ఇరవై నిమిషాలు మరగబెట్టి, సబ్బుతో కడిగిన చేతులతో తీసి, ఉతికిన గుడ్డలో చుట్టు. వదిన కిందికి ఎప్పుడు దిగుతుందో మాత్రం చెప్పలేదు.

అడిగినావిడ:
వచ్చే సోమవారం అమ్మా. అన్నయ్య ఒప్పుకున్నాడు.