ఇద్దరు పిల్లలకు ఒకే స్ట్రోలర్: ఏది మేలు? (అనంతపురం)

ఇద్దరాడపిల్లలమ్మ:
అందరికీ నమస్తే. పెద్దదానికి మూడేళ్లు నిండాయి, చిన్నదానికి నాలుగో నెల. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో, శనాదివారాలే వస్తాడు. సాయంత్రం ఇద్దరినీ తీసుకుని రామ్‌నగర్ నుంచి అమ్మవాళ్లింటికి నడిచి పోదామంటే పెద్దది సందు మలుపు కూడా దాటకముందే ఎత్తుకోమంటుంది. డబుల్ స్ట్రోలర్ కొందామని చూస్తున్నా. సీట్లు పక్కపక్కన ఉండేదా, ముందూ వెనకా ఉండేదా? ఆటోలో పడుతుందా? మేముండేది రెండో అంతస్తు, లిఫ్ట్ చిన్నది. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కడప_పిల్ల:
అక్కా, ముందు టేపు పట్టుకో, తర్వాత మోడల్ చూడు. పక్కపక్క సీట్లవి దాదాపు 75 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. హాలు తలుపు మూడడుగులు ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, లోపలి గదుల తలుపులు రెండున్నర అడుగులే. అంటే 76 సెంటీమీటర్లు, అందులో చెక్క ఫ్రేము, తెరిచినా అడ్డంగా నిలబడే రెక్క మందం తీసేస్తే ఏం మిగులుతుంది? నాది వరండాలోనే ఉండిపోయింది, దాని మీద ఇప్పుడు మా అత్త ఒడియాలు ఆరబెడుతోంది. లిఫ్ట్ తలుపు కూడా కొలువు.

బుజ్జోడి_నాన్న_కర్నూలు:
ముందూ వెనకాదే తీసుకోండి మేడం, కళ్లు మూసుకుని. మాది అదే. బుధవారపేట సందుల్లో ఎదురుగా స్కూటర్ వచ్చినా పక్కకు ఒదిగి పోతుంది. పొడవెక్కువ, తిప్పేటప్పుడు కాస్త చోటు కావాలి, అంతే. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, చాలా మోడళ్లలో ఒక సీటే పూర్తిగా వెనక్కి వాలుతుంది, చిన్నపాపకు ఆ సీటు ఇవ్వాలి. ఇంకోటి, గాలి టైర్లున్నదే కొనండి. మన రోడ్లకు ప్లాస్టిక్ చక్రాలు పనికిరావు, కంకరలో దిగబడి అక్కడే నిలబడతాయి.

సైకిల్‌షాపు_మామ:
గాలి టైరా? అనంతపురంలోనా? ఎవరప్పా ఈ సలహా ఇచ్చింది! రోడ్డు పక్కనంతా సర్కారు తుమ్మ. ఆ ముల్లు దిగితే బండి టైరే ఆగదు, పిల్లల బండి టైరెంత. పంచర్లు వేసే చేయి నాది, నాకు చెప్తారా. స్పాంజి లాంటి గట్టి టైరు వేసింది తీసుకోమ్మా, గాలి గోల ఉండదు.

బుజ్జోడి_నాన్న_కర్నూలు:
మామా, మీరు పంచర్లు వేస్తారు కాబట్టి మీకు ముళ్లే కనపడతాయి. ఇంటి ముందు పరిచిన నాపరాళ్ల సందుల మీద గట్టి టైరు తోసి చూడండి, పాప తల ఎట్ల అదురుతుందో. గాలి టైరు ఆ అదురు సగం తాగేస్తుంది. పంచరైతే ట్యూబు మార్చుకుంటాం, అదేమన్నా ఆపరేషనా?

సైకిల్‌షాపు_మామ:
ట్యూబు మారుస్తావా? ఏ ట్యూబు? చాలా బండ్లకు పన్నెండున్నర సైజు ఉంటుంది, చిన్నపిల్లల సైకిల్ ట్యూబే సరిపోతుంది అనుకుంటావు. సైజు సరే, వాల్వు సంగతేంది? చక్రం మధ్యలో చోటుండదు, నిటారు వాల్వుకు పంపు తల దూరదు. వంకర వాల్వు ట్యూబు కావాలి. అది ఏ షాపులో చూశావో చెప్పు, వచ్చి నీ కాళ్లకు మొక్కుతా.

కడప_పిల్ల:
అక్క అడిగింది లిఫ్ట్ గురించి. ఈ మగాళ్లు టైరెక్కి ఎక్కడికి పోతున్నారో.

బుజ్జోడి_నాన్న_కర్నూలు:
ఆన్‌లైన్‌లో దొరుకుతుంది మామా, మొక్కే పని లేదు. ట్యూబులో సీలెంట్ పోసుకుంటే చిన్న ముల్లుకు దానంతటదే మూసుకుపోతుంది. షాపు నడిపేవాడికి ఇది తెలియకపోవడమేంది.

సైకిల్‌షాపు_మామ:
సీలెంట్ సంగతి నాకు చెప్పేంత పెద్దోడివయ్యావా! పోసి నెలల తరబడి మూలన పెడితే లోపల గట్టిపడి వాల్వుకే అడ్డం పడుతుంది. అప్పుడు రా షాపుకి.

రిటైర్డ్_టీచరమ్మ:
నాకొకటి అర్థం కాదు. మూడేళ్ల పిల్లకు బండెందుకు? మేం చంకన ఒకర్ని, వేలు పట్టి ఒకర్ని నడిపించుకుంటూ దేవుని కడప తిరునాళ్లకు పోలేదా? నడిపిస్తే నడుస్తారు. ఇప్పటి తల్లులకు ఓపిక తక్కువ.

ఇద్దరాడపిల్లలమ్మ:
అమ్మా, మీరు తిరునాళ్లకు పోయినప్పుడు పక్కన ఎంతమంది ఉన్నారు? అత్త, ఆడబిడ్డ, ఎదురింటామె, ఎవరో ఒకరు అందుకునేవాళ్లు. నాకు సిజేరియన్ అయింది, సంచి ఒకటి, పాప ఒకటి, నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చే పెద్దది ఒకటి. ఓపిక గురించి నాకు చెప్పొద్దు.

రిటైర్డ్_టీచరమ్మ:
నిన్ను ఉద్దేశించి అనలేదమ్మా. మామూలుగా అన్నాను.

కోర్టురోడ్డు_కోడలు:
మామూలుగా అన్న మాటలే గుచ్చుకుంటాయి టీచర్ గారూ.

అక్కా, డబుల్ వద్దు. సింగిల్ స్ట్రోలర్‌కు వెనక తగిలించే చక్రాల పలక దొరుకుతుంది, పెద్దది దాని మీద నిలబడుతుంది, చిన్నది సీట్లో పడుకుంటుంది. చాలావాటికి ఇరవై కిలోల దాకా పరిమితి. మా వాడు దాన్ని బస్సు అనుకుని కండక్టర్ వేషాలు వేస్తాడు, ఎత్తుకోమనే మాటే లేదు. కష్టం ఒకటే, తోసేటప్పుడు మన మోకాలి కింది ఎముక పలకకు కొట్టుకుంటుంది, చేతులు బాగా ముందుకు చాచి నడవాలి. చీర కట్టుకున్న రోజు ఇంకా చిరాకు. కొనేముందు నీ స్ట్రోలర్ వెనక గొట్టాలకు అది బిగుస్తుందా లేదా చూడు, అన్నింటికీ పట్టదు.

నంద్యాల_చెక్‌పోస్ట్:
ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త. నేను ఒక పెద్ద సైట్‌లో డబుల్ది తెప్పించా, ఒక చక్రం బ్రేకు పడలేదు. వాపసు పెడితే మీ పిన్‌కోడ్‌కు పికప్ లేదు, మీరే కొరియర్ చేయండి అన్నారు. అంత పెద్ద డబ్బాను కొరియర్ చేయాలంటే ఎంతవుతుందో తెలుసా? తేవడానికి ఉన్న పిన్‌కోడ్ తీసుకుపోవడానికి ఎందుకు ఉండదో ఎవరైనా చెప్పండి.

పిల్లలవార్డు_సిస్టర్:
టైర్లు పక్కన పెట్టండి. నాలుగో నెల పాపకు మెడ పూర్తిగా నిలబడదు, కూర్చోబెట్టే సీటు వద్దు, వెల్లకిలా పడుకునేలా పూర్తిగా వాలాలి. భుజాలు, నడుము, కాళ్ల మధ్య నుంచి వచ్చే అయిదు పట్టీల బెల్టు తప్పకుండా ఉండాలి. ఎండగా ఉందని పైన చున్నీ కప్పేవాళ్లను రోజూ చూస్తున్నా, దయచేసి మానండి, గాలి ఆడక లోపల వేడెక్కుతుంది. గొడుగులాంటి పైకప్పు చాలు, ఏప్రిల్, మేలో అయితే పొద్దు వాలేదాకా బయటికే తీయొద్దు. హ్యాండిల్‌కు కూరగాయల సంచి తగిలించొద్దు, పెద్దది దిగిన మరుక్షణం బండి వెనక్కి పడుతుంది.

ఇద్దరాడపిల్లలమ్మ:
థాంక్స్ సిస్టర్. లిఫ్ట్ తలుపు కొలిచా, 70 సెంటీమీటర్లు. పక్కపక్కదాని కథ అక్కడే అయిపోయింది. పలక సంగతి మా ఆయనకు చెప్పా, పెద్దది పరిగెత్తే బండి మీద నుంచి దూకుతుందేమో అంటున్నాడు. అది దూకే రకమే. ఆటో గురించి ఎవరూ చెప్పలేదు.

కోర్టురోడ్డు_కోడలు:
సింగిల్ది మడిస్తే ఆటోలో కాళ్ల దగ్గర నిలబడుతుంది. డబుల్ది అయితే వెనక సీటు వెనకాల పెట్టాలి, డ్రైవర్ మొహం చూసి అడగాలి, కొందరు ఎక్స్‌ట్రా అడుగుతారు.

బుజ్జోడి_నాన్న_కర్నూలు:
మాది ఆటోలో పట్టలేదు, నిజమే. మేం కార్లోనే పోతాం.

కడప_పిల్ల:
ఆ మాట మొదట్లోనే చెప్పొచ్చు కదా సార్!

సైకిల్‌షాపు_మామ:
కారున్నవాడికి ముల్లు సంగతేం తెలుస్తుంది.

నంద్యాల_చెక్‌పోస్ట్:
మామా, ఆ బ్రేకు పడని చక్రం మీ దగ్గరికి తెస్తే చూస్తారా? కర్నూలు నుంచి అనంతపురం ఎల్లుండి పెళ్లికి వస్తున్నా.

సైకిల్‌షాపు_మామ:
తీసుకురా. ఒక్క చక్రం కాదు, బండి మొత్తం తీసుకురా. పొద్దున పదిలోపు రా, తర్వాత స్కూలు పిల్లల సైకిళ్లు వరస కడతాయి.