జీవపరిణామం నిజమైతే దేవుడు నడిపిస్తున్నట్టా, లేనట్టా?

మన్యం బడి:
నేను ఏజెన్సీలో సైన్స్ చెప్తాను. దేవుణ్ణి నమ్ముతాను, పరిణామాన్నీ నమ్ముతాను. ఇన్నేళ్లలో ఆ రెండిటికీ నాలో తగవు రాలేదు. మొన్న పాఠం అయ్యాక ఒక పిల్ల నా దగ్గరికొచ్చి, "సార్, మరి నన్ను దేవుడు చేశాడా, నేనే అలా అయిపోయానా?" అంది. ఆ పిల్లకి సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే పుట్టు జబ్బు. నొప్పులొస్తే వారం వారం బడి మానేస్తుంది. "మార్పులు వస్తూనే ఉంటాయమ్మా, అవి ఎటు రావాలో దేవుడు చూసుకుంటాడు" అన్నాను.

ఈ మాట నా సొంతం కాదు. హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే డార్విన్‌కి మంచి స్నేహితుడు, గట్టి క్రైస్తవుడు. కాలువల్లోకి నీళ్లు మళ్లించినట్టు దేవుడు జీవుల్లోని మార్పుల్ని మేలైన దారికి మళ్లిస్తున్నాడని ఆయన వాదన. ఆ పోలిక నాకు చాలా ఇష్టం. ఇంటికొచ్చాక మాత్రం మనసు కుదుటపడలేదు. మీరేమంటారు?

కోనసీమ తోట:
మాస్టారూ, ఆ కాలువని డార్విన్ ఒప్పుకోలేదు. 1860 మేలో గ్రేకే ఉత్తరం రాశాడు. కొన్ని కందిరీగల పిల్లలు గొంగళిపురుగుల్ని బతికుండగానే లోపల్నుంచి తింటాయి. అలాంటివాటిని దయామయుడైన దేవుడు కావాలనే చేశాడంటే తనకి నమ్మబుద్ధి కావట్లేదన్నాడు.

మా తోటలో దాదాపు ఇదే చూస్తాను. కొబ్బరికి నల్లతల గొంగళి పడితే బ్రాకన్ అనే చిన్న కందిరీగల్ని తెచ్చి వదులుతాం. అది ఆకు అడుగున పట్టుదారం, పెంట కలిపి అల్లుకున్న గూట్లో దాక్కున్న పురుగుని వెతికి కుడుతుంది. పురుగు వెంటనే చావదు, కదల్లేదంతే. దాని ఒంటిమీదే కందిరీగ గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చి అంటిపెట్టుకుని పీలుస్తాయి. చివరికి ముడతలుపడ్డ తోలు మిగులుతుంది.

నా చెట్లు దానివల్లే బతికాయి. కానీ ఇంత పకడ్బందీ పనిని దేవుడు దగ్గరుండి దిద్దాడంటే, పురుగు వైపు నుంచి ఆయనెవరు? రోజూ దీపం పెట్టుకునేవాణ్ణే అడుగుతున్నాను. మేలైన దారి అన్నప్పుడు ఎవరికి మేలో కూడా చెప్పాలి కదా.

తులసికోట:
మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు. నీళ్లలోంచి నేల మీదికి, మృగం నుంచి మనిషికి. మన పురాణాల్లో ఎప్పుడో ఉంది, మనకి ఈ గొడవే లేదు.

ల్యాబ్ కోటు:
తులసికోట గారూ, మత్స్యానికి కూర్మం పుట్టలేదండీ. ప్రతిసారీ దిగివచ్చింది విష్ణువే, వచ్చింది ధర్మం కోసం. పరిణామం చెప్పేది వంశం సంగతి. రెండిటినీ కలిపితే పురాణానికీ న్యాయం జరగదు.

మాస్టారూ, 1952లో శాస్త్రవేత్తలైన లెడర్‌బర్గ్ దంపతులు బ్యాక్టీరియా పెరిగిన పళ్లెం మీద మఖమల్ గుడ్డ అద్ది, అదే అచ్చుని బ్యాక్టీరియాని చంపే మందు కలిపిన పళ్లాల మీద వేశారు. మందుని తట్టుకున్న బ్యాక్టీరియా మచ్చలు అన్ని పళ్లాల్లోనూ అదే చోట లేచాయి. అంటే ఆ మార్పు మందు తగలకముందే మొదటి పళ్లెంలో ఉంది. అవసరం చూసి వచ్చింది కాదు.

సికిల్ సెల్ తీసుకోండి. రక్తంలోని హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారింది. ఈ జన్యువు మనకి అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒక కాపీ వస్తుంది. మారిన కాపీ ఒకటే ఉంటే తీవ్రమైన మలేరియా నుంచి చాలావరకు రక్షణ, ఈ సంగతి ఆలిసన్ అనే పరిశోధకుడు 1954లో ఆఫ్రికాలో చూపించాడు. రెండుంటే మీ విద్యార్థి పడే నొప్పి. అమ్మానాన్నలకి చెరొకటి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకి జబ్బు రావడానికి. ఇద్దర్ని మలేరియా నుంచి కాపాడి ఒకర్ని ఇలా వదిలేసే లెక్కని నేను "మళ్లించడం" అనలేను.

మన్యం బడి:
రెండు రోజులు ఇదే ఆలోచన. గ్రే కాలువని వదిలేస్తున్నాను. ఆ పిల్లతో నేనన్నది తప్పు, క్రూరం కూడా. నీ నొప్పి దేవుడే చూసి పంపాడు అన్నట్టే కదా.

నమ్మకం మాత్రం పోలేదు. బ్రహ్మసూత్రాల్లో "వైషమ్యనైర్ఘృణ్యే న" (పక్షపాతం, నిర్దయ లేవు) అన్నచోట శంకరులు తన భాష్యంలో ఇదే ప్రశ్న ఎత్తుకుంటారు. లోకంలో ఇంత తేడా, ఇంత దుఃఖం ఉంటే ఈశ్వరుడు పక్షపాతి, నిర్దయుడు కాడా అని. ఆయన జవాబు వాన. వరికీ యవలకీ వాన ఒకటే, తేడా విత్తులో ఉంది. ఆ వాన దగ్గర నాకు ఊపిరాడుతుంది. అయితే ఆయన విత్తు అన్నది కర్మని, అంతదూరం నేను వెళ్లలేను. ఆ పిల్ల తల్లి ముందు నిలబడి పూర్వజన్మ అనను. విత్తు అంటే నాకు జన్యువే.

కోనసీమ తోట:
అయితే మాస్టారూ, పరిణామానికి అడ్డురాని దేవుడు మీకు మిగిలాడు, నడిపించే దేవుడు పోయాడు. వాన విత్తుని ఎంచదు. మార్గదర్శనం అన్న మాట ఇక దీనికి సరిపోదు.

మన్యం బడి:
సరిపోదు. అది పోవడం నాకు బాధగానే ఉంది, దాచను. రేపు ఆ పిల్ల వస్తే మారిన అక్షరాన్ని తన నోట్‌బుక్‌లో గీసి చూపిస్తాను. నిన్ను ఎవరూ ఎంచి ఇలా చేయలేదమ్మా, మొన్న నేను చెప్పింది తప్పు అంటాను. దేవుడి సంగతి మళ్లీ అడిగితే వాన గురించి చెప్తాను.